‘లేదు’ వేరు, ‘కనబడలేదు’ వేరు!

మంచం పక్కకే స్కానింగ్ వచ్చేసింది. మరి ప్రోబ్ పట్టుకున్న కుర్ర డాక్టరు చేతిని పరీక్షించేదెలా?

కైకలూరు ప్రాంతంలో ‘స్కానింగుకి వెళ్ళాం’ అంటే ఒక పూట గడిచిపోయినట్టే. కాస్త పెద్ద కేసైతే ఏలూరో, భీమవరమో, గుడివాడో, అక్కడా కాదంటే బెజవాడో పోవాలి. చీకటి గది, బయట బెంచీ మీద సీసాలకొద్దీ నీళ్ళు తాగుతూ తమ వంతు కోసం చూసే ఆడవాళ్ళు, లోపల రేడియాలజిస్టు, చివరికి చేతిలో ఒక కవరు. స్కానింగ్ అంటే మనకు తెలిసిన బొమ్మ ఇదే.

ఆ మిషను ఇప్పుడు గది దాటింది. చక్రాల బల్ల ఎక్కి వార్డులోకి వచ్చింది. అక్కడితో ఆగక డాక్టరు కోటు జేబులోకీ దూరింది. సెల్‌ఫోనుకో ట్యాబుకో తగిలిస్తే చాలు, గుండె కొట్టుకోవడం తెరమీద చూపించే చేతి ప్రోబ్‌లు దాదాపు పదేళ్ళుగా దొరుకుతున్నాయి. పేషెంటును స్కానింగ్ గదికి పంపకుండా, వైద్యం చేసే డాక్టరే మంచం దగ్గర నిలబడి చేసే ఈ పరీక్షను వైద్యులు ‘పోకస్’ అంటున్నారు. మనం మంచం పక్క స్కాన్ అనుకుందాం.

స్టెతస్కోపు మెడలో వేసుకున్నంత మాత్రాన గుండె చప్పుడు అర్థం కాదు కదా! ప్రోబ్ కూడా అంతే. మిషను చిన్నదవుతోంది, చవకవుతోంది. చేతి నేర్పు మాత్రం చవగ్గా రాదు. అది వచ్చిందో రాలేదో తేల్చే పరీక్ష ఎలా ఉండాలన్నదే వైద్య విద్యలో ఇప్పుడు నలుగుతున్న ప్రశ్న.

ఇదేదో అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. ఏడాదికి 150 సీట్లు. ఆ తొలి బ్యాచ్ పిల్లలు 2028 ప్రాంతంలో హౌస్ సర్జన్లుగా వార్డుల్లో నిలబడతారు. 1999లో పెట్టిన ఆశ్రం వైద్య కళాశాల అదే ఊళ్ళో ఎలాగూ ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. రేపు మనవాళ్ళ పొట్టమీద ప్రోబ్ ఆనించేది ఈ పిల్లల్లోనే కొందరు కావచ్చు.

నీరు నలుపు, ఎముక తెలుపు

ముందు ఈ మిషను చేసే పనేమిటో చూద్దాం. మనిషి చెవికి వినిపించేది సెకనుకు 20 వేల కంపనాల దాకానే. పొట్ట స్కానింగులో వాడే శబ్దం సెకనుకు 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాలు. ప్రోబ్ ఆ శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుని బొమ్మ గీస్తుంది. నీటిలోంచి శబ్దం సాఫీగా సాగిపోతుంది, ప్రతిధ్వని రాదు. అందుకే మూత్రం, రక్తం, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తెరమీద నల్లగా కనిపిస్తాయి. ఎముక తెల్లగా మెరిసి, తన వెనక నీడ పరుస్తుంది. గాలైతే దారే ఇవ్వదు. ప్రోబ్‌కీ చర్మానికీ నడుమ ఆ గాలి లేకుండా చేయడానికే చల్లటి జెల్ పూస్తారు.

గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ తన సహచరులతో కలిసి ఈ పద్ధతిలో పొట్టలోని గడ్డల్ని చూడొచ్చని 1958లో లాన్సెట్ పత్రికలో రాశారు. లోహాల్లో పగుళ్ళు వెతికే ఫ్యాక్టరీ పరికరంతో ఆయన ప్రయోగాలు మొదలయ్యాయి. ఇనుములో పగులు వెతికిన శబ్దమే ఇప్పుడు మనిషి లోపలి నెత్తుటిని వెతుకుతోంది.

రేడియాలజిస్టు చేసేది పూర్తి స్కానింగ్. ప్రతి అవయవాన్నీ చూసి, కొలిచి, రిపోర్టు రాస్తారు. మంచం పక్క స్కాన్ దానికి పోటీ కాదు. అది ఒకటి రెండు ప్రశ్నలకు మాత్రమే జవాబు వెతుకుతుంది. పొట్టలో రక్తం చేరిందా? గుండె చుట్టూ నీరుందా? ఊపిరితిత్తి కుంగిపోయిందా? మూత్రం నిండిపోయి ఆగిందా? డెంగీ జ్వరంలో రక్తనాళాల నుంచి నీరు కారి ఛాతీలోకీ పొట్టలోకీ దిగుతోందా?

పామర్రు నుంచి గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా వెళ్ళే 165వ నంబరు జాతీయ రహదారి మనకు కొత్త కాదు. చేపల లారీలు, రాత్రిపూట బైకులు. ఒక కుర్రాడు పడ్డాడనుకోండి. ఒంటిమీద పెద్ద గాయం లేదు. మాట్లాడుతున్నాడు. కానీ బీపీ తగ్గుతోంది. లోపల రక్తం పోతోందా, భయంతో అలా ఉన్నాడా? ఇలాంటి వేళ చేసే స్కానుకు ‘ఫాస్ట్’ అని పేరు. చూడాల్సినవి నాలుగు చోట్లు. కుడివైపు కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య సందు, ఎడమవైపు ప్లీహం పక్కన, కింద మూత్రాశయం చుట్టూ, పైన గుండె చుట్టూ. ఆ నాలుగు చోట్లా నల్లటి చార ఉందా అన్నదే ప్రశ్న. ఉందని కొన్ని నిమిషాల్లో తేలితే 108 బయల్దేరేలోగానే అవతల పెద్దాసుపత్రికి కబురు పోతుంది, రక్తం సిద్ధమవుతుంది, సర్జన్ వచ్చి నిలబడతాడు.

వానాకాలంలో సంగతి మరీ గట్టిది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కొల్లేటి లంకల దారులు నీట మునిగాయి. అలాంటప్పుడు ఎవరిని ముందు పంపాలి, ఎవరు రేపటిదాకా ఆగగలరు అన్నది ఊహతో తేల్చే విషయం కాదు.

పిల్లలు నేర్చుకోగలరా?

నేర్చుకోగలరనే అనుభవం చెబుతోంది. 2005లో అమెరికా గుండె వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మొదటి ఏడాది వైద్య విద్యార్థులు ఇద్దరికి 18 గంటలపాటు చేతి మిషను మీద శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత 61 మంది పేషెంట్లను వాళ్ళూ చూశారు, అనుభవజ్ఞులైన గుండె వైద్యులూ చూశారు. విద్యార్థుల చేతిలో మిషను ఉంది, పెద్ద డాక్టర్ల చేతిలో స్టెతస్కోపు మాత్రమే. ఉన్న లోపాల్లో విద్యార్థులు 75 శాతం పట్టుకుంటే, పెద్దలు 49 శాతం పట్టుకున్నారు.

పెద్దల్ని తక్కువ చేయడానికి ఈ లెక్క చెప్పడం లేదు. అదే మిషను వాళ్ళ చేతికిస్తే కథ వేరు. ఇది చెప్పేదల్లా ఒక్కటే. సరిగ్గా నేర్పితే ఈ విద్య మొదటేడు పిల్లలకూ పట్టుబడుతుంది. ఆ మరుసటి ఏడు, 2006లో, అమెరికాలోని సౌత్ కరొలినా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల నాలుగేళ్ళ కోర్సు పొడవునా అల్ట్రాసౌండ్‌ను పాఠంగా పెట్టింది.

అయితే ఆ ఇద్దరు విద్యార్థులకు దగ్గర కూర్చుని నేర్పినవాళ్ళున్నారు. క్లాసులో 150 మంది ఉన్నప్పుడు ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు? అక్కడే అసలు చిక్కు మొదలవుతుంది.

వైవాలో దొరకనిది

మన వైద్య పరీక్షల పద్ధతి అందరికీ తెలిసిందే. థియరీ పేపర్లు, ప్రాక్టికల్స్, ఎదురుగా ఎగ్జామినర్ కూర్చుని అడిగే వైవా. ‘ఫాస్ట్‌లో ఎన్ని చోట్లు చూస్తావు?’ అని అడిగితే ‘నాలుగు సార్!’ అని గడగడా చెప్పేస్తాడు. అదే పిల్లవాడికి ప్రోబ్ ఇస్తే తలకిందులుగా పట్టుకోవచ్చు. తెరమీద కుడి ఎడమలు తారుమారై, కాలేయం అనుకున్నది ప్లీహం కావచ్చు. ఈత మీద వ్యాసం బాగా రాసినవాణ్ణి ఉప్పుటేరులోకి దింపితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అమెరికా వైద్య విద్యావేత్త జార్జ్ మిల్లర్ 1990లో దీన్ని నాలుగు మెట్లుగా విడదీశాడు. తెలుసు. ఎలా చేయాలో తెలుసు. చేసి చూపగలడు. రోజూ పనిలో చేస్తున్నాడు. ఒక మెట్టు మీద మార్కులొస్తే పై మెట్టు ఎక్కినట్టు కాదు. మన దేశంలో 2019 బ్యాచ్ నుంచి అమలైన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యక్రమం కూడా దాదాపు ఈ మెట్లనే తీసుకుంది. ఒక్కో నైపుణ్యం పక్కన కె, కేహెచ్, ఎస్‌హెచ్, పి అనే అక్షరాలు వేసి, విద్యార్థి ఏ మెట్టుదాకా రావాలో రాసిపెట్టింది. స్కిల్స్ ల్యాబులు, లాగ్ బుక్కులు అలా వచ్చినవే.

లాగ్ బుక్కు మంచిదే. కానీ అందులో ఉండేది లెక్క. అమెరికా అత్యవసర వైద్యుల సంఘం తమ డాక్టర్లకు ఒక్కో రకం స్కాన్ 25 నుంచి 50 దాకా చేసి, వాటిని మరొకరితో చూపించుకోవాలని చెబుతుంది. ఆ అంకె కనీసపు అభ్యాసం ఎంతో చెబుతుందేగానీ పని వచ్చేసిందని పూచీ ఇవ్వదు. 50 సార్లు తప్పుగా చేసినవాడి చేతికి తప్పే అలవాటవుతుంది. పక్కన నిలబడి చూసే కళ్ళు లేనిదే ఆ సంగతి బయటపడదు.

చేతిని చూసే పరీక్ష

స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం 1975లో ‘ఆస్కీ’ అనే పద్ధతి తెచ్చింది. గదిలో వరుసగా స్టేషన్లు పెడతారు. గంట మోగగానే విద్యార్థి ఒక స్టేషను నుంచి ఇంకోదానికి వెళ్తాడు. అందరికీ అవే కేసులు, అదే సమయం, అదే మార్కుల పట్టీ. ఎగ్జామినర్ మూడ్ బాగుంటే ఒక రకం, బాగోకపోతే ఇంకో రకం అన్న బాధ చాలావరకు తగ్గుతుంది.

అల్ట్రాసౌండ్‌కు ఇలాంటి కొలబద్ద ఒకటి 2013లో డెన్మార్క్ పరిశోధకులు తయారుచేశారు. పలు దేశాల, పలు విభాగాల నిపుణుల్ని అడిగి ఏడు అంశాలు ఖాయం చేశారు. స్కాన్ ఎందుకు చేస్తున్నావో తెలుసా, మిషను వాడటం వచ్చా, బొమ్మను స్పష్టంగా తెచ్చుకోగలవా, ఒక క్రమంలో వెతికావా, కనిపించింది అర్థం చేసుకున్నావా, రాసిపెట్టావా, చివరికి దాన్నిబట్టి ఏ నిర్ణయం తీసుకున్నావు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు.

మన బైకు కుర్రాడి కేసునే స్టేషనులో పెట్టారనుకోండి. మంచం మీద పడుకున్నది ఆరోగ్యంగా ఉన్న ఒక వాలంటీరు. ఎగ్జామినర్ నోరు మెదపడు, చూస్తాడంతే. విద్యార్థి పేరు చెప్పుకుని, ‘జెల్ చల్లగా తగులుతుందన్నా, కంగారుపడకు’ అన్నాడా? అవసరమైనంత మేరకే బట్ట తొలగించాడా? ప్రోబ్ మీది గుర్తు ఎటుందో చూసుకున్నాడా? లోతు సరిచేసుకున్నాడా? నాలుగు చోట్లూ చూశాడా, లేక మొదటి చోట ఏమీ లేదని ఆపేశాడా? తుడిచి, ప్రోబ్‌ను శుభ్రం చేశాడా?

ఆరోగ్యవంతుడి పొట్టలో రక్తం ఉండదు కాబట్టి, తర్వాతి స్టేషనులో రికార్డు చేసిన వీడియో క్లిప్పులు చూపించాలి. కాలేయ జబ్బుతో పొట్టలో నీరు చేరిన పేషెంట్లు వార్డుల్లో ఉంటారు. వాళ్ళు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే నిజమైన నీటిని నిజమైన మనిషిలో చూసే అవకాశం దొరుకుతుంది. ఒప్పుకోకపోతే బలవంతం లేదు. ధర్మాసుపత్రికి వచ్చినంత మాత్రాన మనిషి పాఠ్యపుస్తకం అయిపోడు.

619 మిల్లీలీటర్ల పాఠం

1995లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనం ఈ విద్యకు పెద్ద హెచ్చరిక. దెబ్బలు తగిలిన వంద మంది పేషెంట్ల పొట్టలోకి పరీక్షలో భాగంగా సెలైన్ ఎక్కిస్తూ, కాలేయం పక్క సందులో అది ఎప్పుడు కనబడుతుందో స్కాన్ చేసేవాళ్ళు చూశారు. సగటున 619 మిల్లీలీటర్లు చేరేదాకా కనబడలేదు. 400 మిల్లీలీటర్ల లోపే పసిగట్టింది పది కేసుల్లో ఒకదాంట్లోనే. అంటే అర లీటరు రక్తం లోపల చేరినా తెర శుభ్రంగా కనిపించవచ్చు!

అందుకే మంచి పరీక్షలో ఒక క్లిప్పు కావాలనే మసకగా పెట్టాలి. ఇంకొకటి మామూలుగా కనిపించాలి, కానీ కేసు చీటీలో మాత్రం బీపీ పడిపోతోందని ఉండాలి. ‘పొట్టలో రక్తం లేదు, ఇంటికి పంపొచ్చు’ అన్నవాడు అక్కడే ఫెయిల్. ‘నాకు కనబడలేదు. కానీ పేషెంటు తీరు బాగోలేదు. కాసేపాగి మళ్ళీ చూస్తాను, పెద్ద డాక్టరుకి ఇప్పుడే చెబుతాను’ అన్నవాడు పాస్.

మన తెలుగులో ‘లేదు’ అన్న మాటకీ ‘కనబడలేదు’ అన్న మాటకీ తేడా నాలుగు అక్షరాలే. ఆ నాలుగక్షరాల్లో ఒక ప్రాణం ఉంది. బొమ్మ తీయడం వారాల్లో నేర్పొచ్చు. తన చూపు ఎక్కడిదాకా వెళ్తుందో తెలుసుకుని, అక్కడ ఆగడం నేర్పాలి. పరీక్షలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే ఉండాలి. మిషను చేతిలో లేని డాక్టరు అనుమానంతోనైనా పెద్దాసుపత్రికి పంపుతాడు. మిషను ఉండి, చేత రానివాడు ధైర్యం చెప్పి ఇంటికి పంపుతాడు. రెండోవాడే ప్రమాదం.

‘బాబా, పాపా?’

మన దేశంలో ఇంకో స్టేషను తప్పనిసరిగా ఉండాలి. కడుపునొప్పితో వచ్చిన ఆడమనిషిని స్కాన్ చేస్తుంటే గర్భం బయటపడింది. పక్కనున్న అత్తగారు గొంతు తగ్గించి, ‘ఏంటి బాబూ, బాబా పాపా?’ అని అడుగుతుంది. విద్యార్థి ఏమంటాడు?

ఆడపిల్లల్ని కడుపులోనే చంపేయడాన్ని ఆపేందుకు 1994లో గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది. స్కానింగ్ మిషన్లున్న చోటు రిజిస్టరై ఉండాలి. పుట్టబోయేది ఎవరో మాటతోగానీ సైగతోగానీ చెప్పకూడదు. చెబితే మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు. చేతిలో పట్టుకెళ్ళే మిషన్లకు 2012లో మరో నిబంధన చేర్చారు. రిజిస్టరైన ఆసుపత్రిలో ఉన్న ఇన్‌పేషెంట్లకు వాడాలి, లేదంటే ఇతర వైద్య సేవలు కూడా అందించే సంచార వైద్య వాహనంలో భాగంగా వాడాలి. కోటు జేబులో వేసుకుని లంక గ్రామాల్లో తిరిగేందుకు వీల్లేదు. ఎంబీబీఎస్ డాక్టర్లు అల్ట్రాసౌండ్ చేసేందుకు అర్హత పొందాలంటే ఆరు నెలల్లో 300 గంటల శిక్షణ, చివర ఒక పరీక్ష ఉండాలని 2014 నిబంధనలు చెప్పాయి.

ఈ కట్టుబాట్లు అత్యవసర వైద్యానికి అడ్డమని కొందరు డాక్టర్లు విసుక్కుంటారు. ఆ విసుగులో కొంత న్యాయం ఉంది. కానీ చట్టం ఊరికే పుట్టలేదు. కాబట్టి విద్యార్థికి చట్టాన్ని వేరే పాఠంగా బట్టీ పట్టించడం కన్నా, అత్తగారి ప్రశ్న ఎదురైనప్పుడు మర్యాదగా, గట్టిగా ‘అది చెప్పకూడదమ్మా, చూడను కూడా’ అనగలడో లేదో పరీక్ష గదిలోనే తేల్చుకోవాలి.

150 మంది, ఒకే మిషను

ఇదంతా వినడానికి బాగానే ఉంది, జరిగే పనేనా? లెక్క వేద్దాం. ఒక్కో విద్యార్థికి ఒక స్టేషనులో 10 నిమిషాలు. 150 మందికి 1,500 నిమిషాలు, అంటే 25 గంటలు. మూడు స్టేషన్లయితే 75 గంటల ఎగ్జామినర్ సమయం. ఒక్క స్టేషనుతో సరిపెడదామా అంటే, ఒక్క కేసుతో మనిషి నేర్పు తేలదు. పొట్ట బాగా చూసినవాడు ఊపిరితిత్తి దగ్గర తడబడవచ్చు.

దారి లేకపోలేదు. ఏడాది చివర ఒకేసారి పెద్ద పరీక్ష పెట్టే బదులు, వార్డులో ఉండగా నెలకొకసారి చిన్నగా చూడొచ్చు. విద్యార్థి చేసిన స్కాన్‌ను రికార్డు చేసి, ఇద్దరు అధ్యాపకులు విడివిడిగా మార్కులు వేయొచ్చు. ఇద్దరి మధ్యా తేడా మరీ ఎక్కువైతే విద్యార్థిది కాదు, కొలబద్దది లోపమని తెలుస్తుంది. పాస్ గీతను 50 శాతం అని గుడ్డిగా గీయక్కర్లేదు. బాగా అనుభవమున్న వాళ్ళనూ, అప్పుడే మొదలెట్టిన వాళ్ళనూ అదే పరీక్షకు కూర్చోబెట్టి, రెండు గుంపుల మార్కులు ఎక్కడ విడిపోతున్నాయో అక్కడ గీత గీసే పద్ధతి ఉంది. రేడియాలజీ వాళ్ళనూ ఇందులో కలుపుకోవాలి. పక్కా రిపోర్టు వాళ్ళదే కదా, విద్యార్థి చెప్పింది నిజమో కాదో దానితోనే సరిచూసుకోవాలి.

కొత్త కళాశాలకు ఒక వెసులుబాటు ఉంది. పాత అలవాట్లు ఇంకా గట్టిపడలేదు. బిల్డింగులు, బెడ్లు లెక్కపెట్టుకున్నట్టే, ‘మా పిల్లల్లో ఎంతమంది చేతుల్ని మేం కళ్ళారా చూశాం?’ అనీ లెక్కపెట్టుకుంటే ఈ జిల్లాకు మేలు.

మనవంతుగా చేయగలిగింది కూడా కొంత ఉంది. క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు ప్రోబ్ పట్టుకుని వస్తే అనుమానంగా చూడక్కర్లేదు. అలాగని తెరమీద ఏమీ లేదనగానే లేచి వచ్చేయనూ కూడదు. ‘ఏం వెతికారు బాబూ? పూర్తి స్కానింగ్ మళ్ళీ అవసరమా? ఏం జరిగితే వెంటనే తిరిగి రావాలి?’ అని మూడు మాటలు అడగండి. అడిగినందుకు మంచి డాక్టరు నొచ్చుకోడు. ‘నాకైతే కనబడలేదండీ, రాత్రికి ఇక్కడే ఉంచి మళ్ళీ చూద్దాం’ అన్నాడంటే అతన్ని నమ్మొచ్చు. అతని చేతిని ఎవరో దగ్గరుండి పరీక్షించే పంపించారన్నమాట.